గాలి ద్వారా సోకే జబ్బుల నివారణపై విద్యార్థుల అభిప్రాయాలను సేకరించడం ఎలా?

దగ్గేటప్పుడు నోటికి మోచేయి అడ్డం పెట్టుకోవాలా అని అడిగితే అక్కరలేదనే విద్యార్థి ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకడు. 2020 తర్వాత డిగ్రీలో చేరినవారందరూ మాస్కు, దూరం, శానిటైజరు అన్న పాఠాన్ని టీవీలోనూ, ఫోను కలిసేలోపు వినిపించే ప్రకటనలోనూ వినీ వినీ కంఠస్థం చేసినవారే. అటువంటి ప్రశ్నలతో నింపిన సర్వేలో దాదాపు అందరూ సరైన జవాబే ఇస్తారు. అవగాహన బాగానే ఉన్నదనీ, ఆచరణ పెరగాలనీ, అందుకు సదస్సులు నిర్వహించాలనీ నివేదిక చివర ఒక వాక్యం చేరుతుంది. ఆ రాత్రి కూడా హాస్టల్ గదుల కిటికీలు మూసే ఉంటాయి.

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అదే మండలంలోని ట్రిపుల్ ఐటీ, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వంటి చోట్ల ప్రాజెక్టు పని చేసే విద్యార్థులనూ, ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లనూ, వారికి మార్గదర్శకులుగా ఉండే అధ్యాపకులనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. విద్యార్థికి ఏమి తెలుసు అన్నదానికంటే నిన్న అతడు ఏమి చేశాడు, చేయకుండా అతణ్ణి ఏది ఆపింది అన్నవే అడగవలసిన సంగతులు. ఆ జవాబులు చేతికి వచ్చాక స్వయంగా వెళ్లి ఆ గదిని చూసిరావాలి.

ముందుగా విషయం తెలుసుకోవాలి

ప్రశ్నలు రాసేవారికే విషయం స్పష్టంగా తెలియకపోతే జవాబుల్లో ఏది సరైనదో తేల్చడం కుదరదు. క్షయ సూక్ష్మజీవి 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణం గల కణాలలో ప్రయాణిస్తూ మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంది. తట్టు వచ్చిన మనిషి గదిలోంచి వెళ్లిపోయిన తర్వాత కూడా దాని వైరస్ 2 గంటల వరకు ఆ గాలిలో సోకే స్థితిలో ఉండగలదు. ఆటలమ్మ కూడా గాలి ద్వారా సోకేదే. ఫ్లూ, కోవిడ్ దగ్గరగా ఉన్నవారికి ఎక్కువగా సోకుతాయి, గాలి ఆడని గదిలోనైతే దూరంగా కూర్చున్నవారినీ వదలవు. 5 మైక్రాన్ల గీత గీసి దానికి పైనున్నవి తుంపరలు, కిందున్నవి గాలిలో తేలేవి అని చెప్పే పాత విభజనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఏప్రిల్‌లో విడుదల చేసిన నివేదికలో పక్కన పెట్టింది. నోటినుంచీ ముక్కునుంచీ వెలువడే కణాలు అన్ని పరిమాణాల్లోనూ ఉంటాయనీ, వాటి ప్రయాణం గాలి కదలికను బట్టి ఉంటుందనీ అది తేల్చింది. పాత పాఠ్యపుస్తకాన్ని చూసి ప్రశ్నావళి తయారు చేసేవారు ఇక్కడే పొరపాటు పడతారు.

సీలింగు ఫ్యాను, ఏసీల సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. కిటికీలు మూసి ఫ్యాను వేస్తే ఉన్న గాలే గదిలో తిరుగుతుంది తప్ప బయటి గాలి లోపలికి రాదు. కంప్యూటర్ ల్యాబుల్లో గోడకు బిగించే సాధారణ స్ప్లిట్ ఏసీ కూడా లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుంది. ఏసీ గది శుభ్రమైన గది అన్న నమ్మకం ఎంతమందిలో ఉందో కనుక్కోవడానికి ఒక ప్రశ్న కేటాయించడం తప్పనిసరి. నా అంచనాలో ప్రశ్నావళి మొత్తంలో అన్నింటికంటే ఉపయోగపడే ప్రశ్న అదే కావచ్చు.

అనుమతులు

హాస్టల్‌లోకి వెళ్లి అడగాలంటే రిజిస్ట్రారు లేదా ప్రిన్సిపల్ నుంచి రాతపూర్వక అనుమతి, వార్డెన్ సమ్మతి కావాలి. పరిశోధన పత్రంగా ప్రచురించే ఆలోచన ఉంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం పని మొదలుపెట్టక ముందే తీసుకోవాలి, ఎందుకంటే అంతా అయ్యాక వెనక తేదీతో అటువంటి ఆమోదం ఏ కమిటీ ఇవ్వదు. ట్రిపుల్ ఐటీలో చేయదలచినవారు మరొక విషయం గమనించాలి. అక్కడ విద్యార్థులు పదో తరగతి కాగానే ఆరేళ్ల కోర్సులో చేరతారు కాబట్టి మొదటి రెండేళ్లలో ఉన్నవారిలో చాలామందికి 18 ఏళ్లు నిండి ఉండవు. వారిని అడగాలంటే వారి అంగీకారంతో పాటు తల్లిదండ్రుల సమ్మతి పత్రం కూడా కావాలి. అది సమకూర్చుకునే వ్యవధి లేకపోతే పై సంవత్సరాల వారికే పరిమితం కావడం మేలు.

పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు అడగకూడదు. గూగుల్ ఫారం వాడితే ఈమెయిల్ సేకరించే సదుపాయాన్ని ఆపివేయాలి. టీబీ ఉందా, గతంలో వచ్చిందా అన్న ప్రశ్న ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ జబ్బు పేరు చెబితే గది ఖాళీ చేయమంటారేమో, పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుందేమో అన్న భయం మన జిల్లాల్లో ఇంకా పోలేదు. దానికి బదులు ప్రతి ఫారం చివర ఒక చిన్న చీటీ జతచేయాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గానీ పరీక్ష ఉచితంగా చేస్తారనీ, మందులు ఉచితమనీ, చికిత్స జరిగినన్నాళ్లూ పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయనీ, సందేహాలుంటే 1800-11-6666 నంబరుకు ఫోను చేయవచ్చనీ అందులో ఉండాలి.

ఎవరిని, ఎంతమందిని?

క్లాసు వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి వచ్చినన్ని జవాబులు తీసుకోవడం సులువైన పని, కానీ దానివల్ల ఆరోగ్య విషయాల మీద ఆసక్తి ఉన్నవారి అభిప్రాయమే వస్తుంది. పెద్ద జనాభాకు 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాకు లోబడి అంచనా వేయాలంటే 384 మంది చాలు. ప్రాంగణంలో మొత్తం 1500 మందే ఉంటే ఆ లెక్క సవరించగా 306 వస్తుంది. పదిమందిలో ఒకరు జవాబివ్వరనుకుంటే 340 మందిని ఎంచుకోవాలి. హాజరు పట్టీలోంచి ఒక క్రమంలో, అంటే ఈ సందర్భంలో ప్రతి నాలుగో పేరు చొప్పున తీసుకుంటూ, అమ్మాయిల హాస్టల్, అబ్బాయిల హాస్టల్, రోజూ ఇంటినుంచి వచ్చేవారు అన్న మూడు వర్గాలూ వారి వారి సంఖ్యకు తగ్గట్టు ఉండేలా చూసుకోవాలి. ఆమదాలవలస, పాలకొండ వైపు నుంచి ఆర్టీసీ బస్సుల్లోనూ, షేర్ ఆటోల్లోనూ వచ్చేవారికి గది సమస్య లేదు గానీ ప్రయాణం సమస్య ఉంది. కాబట్టి వారికి బస్సు కిటికీల గురించి విడిగా రెండు ప్రశ్నలు ఉండాలి.

ప్రశ్నలు రాయడం

ఎక్కువ సమయం వెచ్చించవలసిన దశ ఇది. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో ప్రశ్నావళిని గ్రాంథికంలో తయారు చేసి, "శ్వాసకోశ సంబంధిత సంక్రమణ వ్యాధుల నివారణోపాయముల యెడల మీ దృక్పథమేమి?" అని అడిగే శోధకులు ఇంకా ఉన్నారంటే ఆశ్చర్యపోవలసినదే. విద్యార్థులు రొంప, దగ్గు, జ్వరం అంటారు, కాబట్టి ప్రశ్నలోనూ అవే ఉండాలి. ఆటలమ్మనూ తట్టునూ పేరు పెట్టి అడిగితే తప్ప గాలి ద్వారా సోకే జబ్బుల జాబితాలో చాలామంది వాటిని చేర్చరు, అమ్మవారు పోసిందనే మాటతో అది వేరే ఖాతాలోకి వెళ్లిపోతుంది. అమ్మవారు పోసిన మనిషిని వేరే గదిలో ఉంచి వేపాకులు వేసి, బయటివారిని రానివ్వకుండా చూసే ఇంటి ఆచారం మాత్రం వైద్యులు చెప్పే ఏకాంతవాసానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ అలవాటు ఉన్న ఇంటినుంచి వచ్చిన విద్యార్థి హాస్టల్‌లో ఫ్లూ వచ్చినప్పుడు దాన్ని ఎందుకు పాటించడో అడిగితే విలువైన జవాబులు దొరుకుతాయి. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో సవర, కువి మాతృభాషలుగా గలవారు కూడా ఉండవచ్చు. వారి సహాధ్యాయుల్లో ఒకరిని బృందంలో చేర్చుకోవడం అవసరం.

"జబ్బు చేసినప్పుడు మాస్కు వాడటం అవసరమే కదా?" అన్నది ప్రశ్నే కాదు. ఆ "కదా" ముందే జవాబు చెప్పేసింది. "మాస్కు ధరించి, చేతులు కడుక్కుంటారా?" అన్నదానిలో రెండు ప్రశ్నలు ఉన్నాయి, ఒకటి చేసి మరొకటి చేయనివాడు ఏమని గుర్తు పెట్టాలి? "మీరు సాధారణంగా కిటికీలు తెరుస్తారా?" అని అడిగితే మంచి పేరు కోసం అవుననే అంటారు. అదే ప్రశ్నను, "నిన్న రాత్రి మీరు నిద్రపోయే సమయానికి మీ గదిలో ఎన్ని కిటికీ రెక్కలు తెరిచి ఉన్నాయి?" అని అడిగి, వెంటనే "మూసి ఉంటే కారణం ఏమిటి?" అని ఖాళీ గీత వదిలితే దోమలు, చలి, వాన జల్లు, దొంగల భయం, కోతులు, తెరుచుకోని గడియ వంటి అసలు జవాబులు బయటపడతాయి. కారణాలను ముందే అచ్చువేసి టిక్కు పెట్టమంటే మీకు తట్టని కారణం ఎప్పటికీ రాదు, అందువల్ల తొలి విడతలో ఖాళీ గీతే ఉంచాలి.

అలాగే "ఒంట్లో బాగాలేనప్పుడు తరగతికి రాకూడదని మీరు భావిస్తున్నారా?" అన్న ప్రశ్న కంటే "కిందటిసారి మీకు జ్వరంతో కూడిన దగ్గు వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు తరగతికి వెళ్లారా? వెళితే ఎందుకు వెళ్లారు?" అన్నది మేలు. 75 శాతం హాజరు నిబంధన, ఇంటర్నల్ పరీక్ష, ల్యాబు రికార్డు, మధ్యాహ్నం మెస్సుకు వెళ్లకపోతే గదికి అన్నం తెచ్చిచ్చేవారు లేకపోవడం వంటివి అప్పుడు తెలుస్తాయి. విద్యార్థి నిర్లక్ష్యంగా కనిపించే ప్రతిచోటా నిబంధన ఏదైనా అడ్డుపడిందేమో వెతకాలి.

నమ్మకాలను పరీక్షించే ప్రశ్నలు ఐదారు చాలు. టీబీ ఉన్నవారి కంచం, గ్లాసు వాడితే ఆ జబ్బు సోకుతుందా? సోకదు, అది గాలి ద్వారానే వస్తుంది. అయినా ఈ భయం వల్ల కంచం వేరు చేసి, కిటికీ మాత్రం మూసి ఉంచేవారు ఉంటారు. మందులు సక్రమంగా మొదలుపెట్టాక ఇతరులకు సోకే ప్రమాదం త్వరగా తగ్గిపోతుందన్న సంగతి తెలుసా? గుడ్డ మాస్కుకూ ఎన్95 మాస్కుకూ తేడా తెలుసా? వీటిలో "తెలియదు" అన్న గడి తప్పక ఉండాలి, లేకపోతే ఊహించి రాసిన జవాబు తెలిసినదానిగా లెక్కలోకి వస్తుంది.

మరొక ప్రశ్నను ప్రత్యేకంగా చేర్చమని సలహా. కుర్రవాళ్లం, మాకేమవుతుందన్న ధోరణి ఈ వయసులో సహజం. కానీ కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం గ్రామాల నుంచి వచ్చే పిల్లలలో ఇంట్లో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటున్న పెద్దవారున్నవారు తక్కువేమీ కాదు, అటువంటి రోగులకు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ సోకితే మామూలు మనుషులకంటే చాలా ప్రమాదం. "మీ ఇంట్లో దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? మీకు దగ్గు ఉన్నప్పుడు సెలవులకు ఇంటికి వెళితే ఏం జాగ్రత్త తీసుకున్నారు?" అని మాత్రమే అడగాలి, జబ్బు పేరు అడగనక్కరలేదు. తన కోసం మాస్కు పెట్టుకోనివాడు అమ్మ కోసం పెట్టుకుంటాడా అన్నది ఇక్కడ తేలుతుంది.

ప్రశ్నావళి సిద్ధమయ్యాక నమూనాలో లేని పదిహేను ఇరవై మందితో నింపించి, ఒక్కొక్క ప్రశ్న వారికి ఎలా అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకోవాలి. మొత్తం నింపడానికి పది నిమిషాలు దాటితే కొన్ని ప్రశ్నలు తీసేయాలి.

కిటికీ దగ్గరకు వెళ్లి చూడటం

జవాబులతో పోల్చుకోవడానికి కంటితో చూసిన లెక్క ఉండాలి. హాస్టల్ ముందు ఆవరణలో రాత్రి తొమ్మిదిన్నరకు నిలబడి ఏ అంతస్తులో ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవడం ఒక పద్ధతి. అమ్మాయిల హాస్టల్ వద్ద ఈ పని అమ్మాయిలే వార్డెనుకు చెప్పి చేయాలి, ఫోటోలు తీయకూడదు. తర్వాత విద్యార్థుల అనుమతితో పగటిపూట కొన్ని గదుల్లోకి వెళ్లి కిటికీని దగ్గరగా చూడాలి. ఒక రెక్కకు రంగు వేసినప్పుడు అది చట్రానికి అతుక్కుపోయి ఉంటుంది. రెండో రెక్కకు ఆనించి మంచం వేసి ఉంటుంది, దాని మీద ట్రంకు పెట్టె, కడ్డీల మీద ఆరబెట్టిన తువ్వాలు, మూలన దోమల వలలోంచి ఊడిన మేకు కనిపిస్తాయి. తలుపు పైనున్న వెంటిలేటరుకు అట్ట ముక్క బిగించి ఉండవచ్చు, పొలాల పక్కనున్న హాస్టల్ అయితే తప్పక ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక ఆ గదిలో ఐదు నిమిషాలు కూర్చున్నవారెవరూ కిటికీ మూసిన పిల్లలను తప్పుపట్టలేరు. డెంగీ, మలేరియా భయం ఉన్న చోట దోమను ఆపకుండా గాలిని రానివ్వమని చెప్పడం అసాధ్యం. కాబట్టి వల ఉందా, చిరిగిందా, కిటికీకి ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉందా అన్న మూడు సంగతులను ప్రతి గదికీ నమోదు చేయాలి.

పర్యావరణ శాస్త్ర విభాగంలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు ఉంటే అడిగి తెచ్చుకోవాలి. ఆరుబయట గాలిలో అది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు, ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో సుమారు 40,000 ఉంటుంది. గదిలో అంకె 1000 దాటి పెరుగుతూ పోతున్నదంటే ఒకరు వదిలిన ఊపిరిని మరొకరు ఎక్కువగా పీలుస్తున్నారని అర్థం. నలుగురు పడుకునే గదిలో రాత్రంతా ఆ మీటరు ఉంచి, మరునాటి రాత్రి కిటికీ, వెంటిలేటరు రెండూ తెరిచి మళ్లీ ఉంచి, రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీసి చూపితే గంట ఉపన్యాసంతో కాని పని అవుతుంది. మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి అందాలన్నది నివాసేతర భవనాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన కొలత. తరగతి గదులను దానితో పోల్చవచ్చు.

మీటరు గాలి మార్పిడిని మాత్రమే చెబుతుంది, వైరస్ ఉందో లేదో చెప్పదు. ఈ మాట నివేదికలో తప్పక రాయాలి.

కూర్చోబెట్టి మాట్లాడించడం

కాగితం మీద రాని సంగతుల కోసం ఆరుగురు ఎనిమిది మంది చొప్పున మూడు నాలుగు బృందాలతో మాట్లాడాలి. అమ్మాయిలూ అబ్బాయిలూ విడివిడిగా, సీనియర్లూ జూనియర్లూ విడివిడిగా ఉండాలి, అధ్యాపకులెవరూ ఆ గదిలో ఉండకూడదు. అభిప్రాయం అడగకుండా జరిగింది చెప్పమనాలి. "మీ గదిలో ఒకరికి జ్వరం వచ్చిన మొదటి రాత్రి ఏం జరిగింది?" అంటే చాలు, మిగిలింది వారే చెబుతారు. మాస్కు పెట్టుకుంటే "నీకేమైనా వచ్చిందా?" అని వెక్కిరించడం, దసరా తర్వాత పైడితల్లి సిరిమాను పండుగకో, సంక్రాంతికో ఊరెళ్లి వచ్చిన వారంలో గదులన్నీ దగ్గడం వంటివి ఇలా మాట్లాడుకునేటప్పుడే బయటికి వస్తాయి.

లెక్క వేయడం, తిరిగి అప్పగించడం

లెక్కలకు మామూలు ఎక్సెల్ పట్టిక చాలు. కిటికీ తెరవడం అవసరమని తెలిసినవారు, తెలియనివారు అడ్డంగా, నిన్న రాత్రి తెరిచినవారు, మూసినవారు నిలువుగా వేస్తే నాలుగు గళ్లు వస్తాయి. తెలిసి కూడా మూసినవారి గడిలోనే అధ్యయనం సారమంతా ఉంటుంది. ఆ గడిలోని ప్రతి ఒక్కరి కారణాన్నీ చదివి, దోమలు, చలి, పాడైన గడియ, భద్రత అని విడదీయాలి. తెలియడానికీ తెరవడానికీ నిజంగా సంబంధం ఉందా, కాకతాళీయమా అని తేల్చే కై స్క్వేర్ పరీక్ష చేయవచ్చు, కానీ దాని అంకె కంటే ఈ కారణాల పట్టిక వార్డెనుకు ఎక్కువ పనికొస్తుంది. చాలా తక్కువమంది ఉన్న వర్గం ఏదైనా వస్తే దాన్ని విడిగా చూపకూడదు, ఎవరో పోల్చుకోవడం సులువవుతుంది.

నివేదిక ఎంత పెద్దదైనా, విద్యార్థులకూ అధికారులకూ ఇచ్చేది ఒకే పేజీ కావాలి. ఏ బ్లాకులో ఎన్ని గదులకు వల అవసరమో, ఎన్ని రెక్కలకు మరమ్మతు కావాలో ఇంజనీరింగు విభాగానికి పంపే పట్టిక అందులో ఉండాలి. తొలగించి ఉతుక్కోగల వెల్క్రో వల అయితే దుమ్ము పట్టి గాలి ఆగిపోయే బాధ తగ్గుతుంది. రెండువైపులా కిటికీలున్న ఒక గదిని జబ్బుపడినవారి కోసం ఖాళీగా ఉంచడం, మెస్సు నుంచి అక్కడికి భోజనం పంపడం, వారికీ గదిలోని మిగతావారికీ ఇచ్చేందుకు హాస్టల్ కార్యాలయంలో ఎన్95 మాస్కులు నిల్వ ఉంచడం, రెండు మూడు రోజుల జ్వరానికి డాక్టరు ధ్రువపత్రం కోసం బస్సెక్కి పట్నం వెళ్లనవసరం లేకుండా హాజరు సడలించడం వంటి ప్రతిపాదనలు విద్యార్థుల జవాబుల్లోంచి వచ్చినవైతేనే రాయాలి, మీ మనసులోంచి తెచ్చి చేర్చకూడదు.

పని జరిగిందో లేదో తెలియాలంటే మరుసటి ఏడాది అదే నెలలో అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. జనవరి చలిలో మూసిన కిటికీని జూన్ ఉక్కలో తెరిచిన కిటికీతో పోలిస్తే వలల వల్ల ఏమి మారిందో తెలియదు. అప్పటికి మీరు కోర్సు పూర్తిచేసి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి ప్రశ్నావళి, నమూనా ఎంచుకున్న విధానం, గదుల పట్టిక, పేర్లు లేని జవాబుల ఫైలు విభాగం గ్రంథాలయంలో అప్పగించి, కింది సంవత్సరం విద్యార్థుల్లో ఇద్దరికి ఆ పని ఎలా చేయాలో నేర్పాలి.